ఇరవై నాలుగు నల్ల తుండ్లు

కార్తీకం చలిలో తెల్లవారకముందే లేచి తొట్టిలో నీళ్ళు నెత్తిన పోసుకోవడం పెద్ద కష్టం కాదు. ఆ కష్టానికి భక్తి తోడుంటుంది, శరణుఘోష తోడుంటుంది, పక్కన ఇరవై మంది అదే పని చేస్తూ కేకలు పెడుతున్నారన్న ధైర్యం ఉంటుంది. అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. నిన్న సాయంత్రం ఒళ్ళు తుడుచుకుని తీగ మీద ఆరేసిన తుండు అందుకుంటాం. అది ఆరి ఉండదు. రాత్రంతా మంచు తాగి ఇంకాస్త బరువెక్కి ఉంటుంది. చన్నీళ్ళకు వణుకుతున్న ఒంటిని అంతకన్నా చల్లటి గుడ్డతో తుడుచుకోవాలి. దీనికి ప్రత్యేకంగా ఇంత పుణ్యమని ఏ శాస్త్రంలోనూ రాయలేదు. నేను వెతికాను.

నాకు నరసరావుపేటలో బట్టల కొట్టు ఉంది. ఏటా నలభై ఒక్క రోజులు అయ్యప్ప మాల వేసుకుంటాను. ఆ రోజుల్లో పగలు కొట్లో కూర్చున్నా, స్నానం, పూజ, భిక్ష, పడక అన్నీ సన్నిధానంలోనే. సన్నిధానం అంటే మరేమీ కాదు, ఊరి చివర మూతపడ్డ నూనె మిల్లు. దీక్ష రోజుల్లో యజమాని దాన్ని స్వాములకు విడిచిపెడతాడు. ఒక గోడ వైపు పీఠం, ఇంకో గోడ వైపు చాపలు, పెరట్లో బావి, నీళ్ళ తొట్టి, కట్టెల పొయ్యి, బట్టలారేసుకునే తీగ. మిల్లు ఆగి చాలా ఏళ్ళయినా గోడల్లోంచి వేరుశనగ నూనె వాసన ఇంకా వస్తుంది. ఒంటిపూట భోజనం చేసేవాళ్ళకు అదొక అదనపు పరీక్ష.

మొత్తం ఇరవై నలుగురం. తీగ మీద ఇరవై నాలుగు నల్ల తుండ్లు. ఒకరి తుండు ఒకరు వాడకూడదు. కానీ చీకట్లో నల్లతుండ్ల వరసలో తనది ఏదో కనుక్కోవడం ఎవరి వల్లా కాదు. ఒక స్వామి గుర్తు కోసం తన తుండు మూల ఎర్రదారం కుట్టుకున్నాడు. ఆలోచన బాగుందని మిగతావాళ్ళమందరం కూడా ఎర్రదారమే కుట్టుకున్నాం.

"స్వామీ, మీ ఒంటి మీదుంది నా తుండు స్వామీ."

"మీదెట్టా అయిద్ది స్వామీ? దారం చూడండి స్వామీ."

"దారం నాదానికీ ఉంది స్వామీ."

"అయితే తీగ మీద ఇంకోటి ఉంటది, తీసుకోండి స్వామీ."

"అది తడిగా ఉంది స్వామీ."

"ఇదేమన్నా పొయ్యి మీద కాచిందా స్వామీ? ఇదీ తడే."

దీక్షలో ఉన్నవాడికి కోపం పనికిరాదు. ఎదుటివాడు ఎవరైనా స్వామే. తండ్రి కొడుకును స్వామీ అనాలి, కొడుకు తండ్రిని స్వామీ అనాలి, కుట్టిన దోమ కూడా దోమస్వామే. పల్నాటి మనిషికి ఇది చన్నీళ్ళకన్నా కఠినమైన నియమం. తిట్టు నాలుక చివరిదాకా వస్తుంది. అక్కడ స్వామి అనే మాట అడ్డం పడుతుంది. తిట్టు వంకర తిరిగి, మర్యాదగా ముఖం కడుక్కుని బయటికి వస్తుంది.

మా గురుస్వామి ముప్ఫై ఏళ్ళు లారీ తోలినవాడు. మాచర్ల నుంచి సిమెంటు, నాపరాళ్ళు మోసుకుపోయి దేశమంతా తిరిగి, డెబ్భై ఏళ్ళకు దగ్గరపడ్డాక స్టీరింగు వదిలి పూర్తిగా పీఠం దగ్గర కూర్చున్నాడు. ఆయన మంత్రాలు తక్కువ చదువుతాడు. మనిషిని చూస్తే మాత్రం ఏ గేరులో ఉన్నాడో చెప్పేస్తాడు. మా అందరికీ మాల వేసేది ఆయనే.

ఆ ఏడు నాది పద్దెనిమిదో దీక్ష. పద్దెనిమిది సార్లు కొండ ఎక్కినవాడు గురుస్వామి అవుతాడని అందరూ అంటారు. మా సన్నిధానంలో మాత్రం లెక్క ఒక్కటే చాలదు. కొండ దిగివచ్చాక పాత గురుస్వామి పదిమంది ముందు, వచ్చే ఏటి నుంచి ఈ స్వామి కూడా మాలలు వేస్తాడు అని చెప్పాలి. ఆయన చెబితేనే అవుతుంది. నాకు ఆ మాట కావాలి. కొట్టు పెద్దదవాలని కూడా నేను ఏనాడూ అంతగా కోరుకోలేదు. నేను పుట్టింది భజన సమాజం మధ్యలో, పెరిగింది సత్సంగంలో. శ్లోకం వినబడితే అర్థం చెప్పకుండా ఉండలేను. పడిపూజల్లో మైకు నా చేతికే ఇస్తారు. గురుస్వామి కావడానికి నాకున్న పెద్ద అర్హత అదేనని నమ్మేవాణ్ణి.

దీక్ష మొదలైన వారానికి గురుస్వామికి దగ్గు పట్టుకుంది. స్నానం చేసి వచ్చి, తడితుండు భుజాన వేసుకుని, దగ్గుతూనే నన్ను పిలిచాడు.

"ఒరే... స్వామీ. నీది పద్దెనిమిదో ఏడు గదా. ఏదో ఒక సేవ చెయ్యాల. బట్టల కొట్టోడివి, తలా ఒక తుండు తెచ్చియ్యి. తొందరగా ఆరేది చూడు. ఈ తడిగుడ్డకి నా రొమ్ము తట్టుకోట్లా."

పరీక్ష వచ్చిందని అర్థమైంది. అందులో నాకు తెలిసిన సబ్జెక్టే వచ్చింది.

ఆ రోజే కొట్లో రెండు రకాలు తీసి బల్ల మీద పరిచాను. ఒకటి దళసరి నూలు టర్కీ తుండు. ఇంకొకటి కొత్తగా వస్తున్న మైక్రోఫైబర్ తుండు, నల్లది, మెత్తగా, పిల్లి వీపులా ఉంది. కొట్లో నాతోపాటు కూర్చునేది మా ఆవిడ. దీక్ష రోజుల్లో నేను ఆమెను మాతా అనాలి, ఆమె నన్ను స్వామీ అనాలి. ఆ మర్యాదను ఆమె బాగా వాడుకుంటుంది. గ్యాస్ బండ అయిపోయింది స్వామీ, కుళాయి కారుతుంది స్వామీ, మీరు మోక్షానికి పోయేలోపు బోరు మోటారు ఒకసారి చూపించండి స్వామీ అంటుంది.

నేను బల్ల మీద గ్లాసుడు నీళ్ళు ఒలకబోసి నూలు తుండు వేశాను. అది నీళ్ళను తాగకుండా అటు నెట్టింది. ఇంకో గ్లాసు పోసి మైక్రోఫైబర్ వేశాను. బల్ల మీద చుక్క లేదు. రెంటినీ పిండి ఫ్యాను కింద వేశాను. రెండు చీరల బేరం అయ్యేసరికి మైక్రోఫైబర్ పొడిపొడిగా ఉంది. నూలుది ఇంకా కన్నీళ్ళు పెడుతూనే ఉంది.

"చూశావా మాతా?"

"కొత్త నూలు తుండు నీళ్ళు తాగదు స్వామీ. కొత్తకోడలి లాంటిది, మొదట్లో ఏదీ ముట్టదు. రెండు మూడు ఉతుకులు పడనీయండి, తర్వాత చూడండి దాని తిండి."

ఆమెది రాజుపాలెం దగ్గర పత్తి పండించే ఇల్లు. నూలును ఒక మాట అంటే వాళ్ళ నాన్నను అన్నట్టు. అందుకే అంటోందనుకున్నాను. ఆమె మైక్రోఫైబర్ తుండును అరచేతుల మధ్య రుద్ది చూసింది.

"ఇది చేతికి పట్టుకుంటంది స్వామీ. గరగరమంటంది."

"నాకేం పట్టుకోలేదే."

"నాది అంట్లు తోమే చెయ్యి. మీ చెయ్యి మీటరు కర్ర తప్ప ఏం పట్టుకుంది స్వామీ?"

దీక్షలో ఉన్నాను కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఇరవై నాలుగు మైక్రోఫైబర్ తుండ్లు మూట కట్టాను. ఒక్కొక్కదాని మూల ఒక్కో రంగు దారంతో గుర్తు కుట్టించాను. మా ఆవిడ పాతరకం పల్చటి నూలు తుండ్లు అరలోంచి తీసి లెక్కపెడుతూ కనిపించింది. ఎందుకని అడగలేదు.

సాయంత్రం భజన అయ్యాక తుండ్లు పంచాను. వట్టిగా పంచితే నేనెందుకవుతాను? దేహశుద్ధి గురించి, స్నానఫలం గురించి కాసేపు మాట్లాడి పంచాను. మర్నాడు సాయంత్రం స్నానం చేసి వాటితో తుడుచుకుని ఆరేస్తే, ఆ మరుసటి తెల్లవారుజామున తీగ మీద తుండ్లన్నీ పొడిగా ఉన్నాయి. తడి లేదు, కంపు లేదు, నీది నాది తగాదా లేదు. స్వాములు ఒళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసి తలలూపారు. నాలుగు రోజులకు గురుస్వామి దగ్గు కూడా తగ్గింది. ఆ నాలుగు రోజులు నేను నేల మీద చాప పరుచుకుని పడుకున్నా, మనసు మాత్రం గురుస్వామి పీట మీద కూర్చునే ఉంది.

తర్వాత ఒక్కొక్కరూ రావడం మొదలుపెట్టారు.

మొదట వచ్చింది రాళ్ళస్వామి. ఆయన చాలా ఏళ్ళు మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో పనిచేశాడు. ఇప్పుడు మా ఊళ్ళో రాళ్ళ డిపోలో లారీల నుంచి బండలు దించుతాడు. అరచేతులు ఎండిన చెరువులా బీటలు వారి ఉంటాయి. ఆయన తుండును రెండు చేతులతో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"సామీ, మీరిచ్చిన తుండు చానా మంచిది సామీ. దానికి నా మీద ప్రేమ కూడా ఎక్కువే సామీ."

"సంతోషం స్వామీ."

"ఒకసారి పట్టుకుంటే వదలట్లా సామీ."

నిజమే. ఆయన చెయ్యి విదిలించినా తుండు కింద పడలేదు. ఆ బీటల్లోని ప్రతి పొలుసునూ పట్టుకుని వేలాడింది. ఆ మాట విని ఇంకో స్వామి లేచాడు. మాల వేసుకున్నవాళ్ళు గడ్డం గీసుకోరు కదా, తుడుచుకుంటే ప్రతి వెంట్రుకనూ తుండు పలకరిస్తోందన్నాడు. ఇంకొకాయన నల్లతుండు విప్పి తెల్లగా చూపించాడు.

"విభూతి నా నుదుట కన్నా దీని మీదే ఎక్కువుంది స్వామీ. నాకంటే ముందు మీ తుండుకి మోక్షమొచ్చేట్టుంది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కానుక ఇచ్చింది నేను. పద్దెనిమిదో ఏడు నాది. గురుస్వామి పీఠం పక్కన కూర్చుని అంతా వింటున్నాడు. ఇది తుండు మీద ఫిర్యాదు కాదనీ, నా మీద వేస్తున్న మచ్చ అనీ అనిపించింది. అప్పుడు నాకు తెలిసిన ఒకే ఆయుధం బయటికి తీశాను. మైకు అందుకున్నాను.

"స్వాములారా, పట్టుబట్టకు, ఉన్నిబట్టకు మైల తొందరగా అంటదని పెద్దలు అంటారు. ఎందుకంటదు? నీటిని తనలో దాచుకోదు కాబట్టి. నీటిని దాచుకోనిది మలినాన్నీ దాచుకోదు. నూలు తుండు సంసారి లాంటిది. తాగినదాన్ని వదలదు, పట్టుకుని బరువెక్కుతుంది. ఈ తుండు విరాగి లాంటిది. అందుకుంటుంది, విడిచిపెడుతుంది, తేలిగ్గా ఉంటుంది. మనం నలభై ఒక్క రోజులు నేర్చుకోవాలని చూస్తున్నది ఇది పుట్టుకతోనే నేర్చుకుంది."

ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం నా గొంతు నాకే ఎంతో కమ్మగా వినిపించింది. స్వాములు చప్పట్లు కొట్టారు. రాళ్ళస్వామి కూడా కొట్టబోయాడు గానీ చేతికి తుండు అంటుకుని ఉండటంతో చప్పుడు రాలేదు.

గురుస్వామి నెమ్మదిగా అడిగాడు.

"బాగా చెప్పావు స్వామీ. ఇది దేంతో నేస్తారు?"

"చాలా సన్నటి దారంతో స్వామీ."

"దేని దారం స్వామీ?"

"అంటే... పాలిస్టరు లాంటిది."

"అట్టయితే నా లారీ టార్పాలిన్‌కి చుట్టం."

"పుట్టుక చూడకూడదు స్వామీ, గుణం చూడాలి" అని, దానికి తగిన శ్లోకం కూడా చదివాను. ఆయన తలూపి ఊరుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను. గురుస్వామి తలూపి ఊరుకున్నాడంటే ముందు మలుపు ఉందని, ఆయన లారీ ఎక్కిన క్లీనర్లకు కూడా తెలుసట. నాకు తెలియలేదు.

ఆ తర్వాత వారం తిరగకముందే వంట వంతు రాళ్ళస్వామిది వచ్చింది. ఆ పూట ఆదివారం, కొట్టు మూసి నేనూ పెరట్లోనే ఉన్నాను. పొయ్యి మీద అన్నం అయిపోయింది, పెద్ద గుండిగలో సాంబారు తెర్లుతోంది. మునక్కాయలు, గుమ్మడికాయ, ఇంగువ వాసన. తెల్లవారుజామున లేచినప్పటి నుంచి ఏమీ తినని ఇరవై మంది విస్తళ్ళ ముందు కూర్చుని ఆ వాసనకే శరణుఘోష చెబుతున్నారు. గుండిగ దించడానికి ఇద్దరు కావాలి. నేను లేచాను. రాళ్ళస్వామి గోనెపట్టా కోసం అటూ ఇటూ చూస్తున్నాడు.

"పట్టా ఎందుకు స్వామీ, భుజం మీద తుండు ఉందిగా" అన్నాను.

పదిహేడేళ్ళుగా చూస్తున్నదే అన్నాను. స్వామి భుజం మీది తుండు ఒళ్ళు తుడుచుకోవడానికి మాత్రమే కాదు. కూర్చోవడానికి అదే ఆసనం, పడుకుంటే తలగడ, సాష్టాంగపడేటప్పుడు నడుముకు చుట్టుకునేది అదే, కొండెక్కేటప్పుడు ఇరుముడి కింద నెత్తిన పెట్టుకునేదీ అదే. వేడి గిన్నె దించేదీ అదే. మా చేతులకు అలవాటు. కొట్లో బల్ల మీద నీళ్ళు పోసి పరీక్షించినప్పుడు ఈ పనుల్లో ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు. కొనేవాణ్ణి, అమ్మేవాణ్ణి, వాడేవాణ్ణి నేనే అయినా, ఆ రోజు పూర్తిగా అమ్మేవాడిలానే ఆలోచించాను.

ఆయన ఒక వైపు, నేను ఒక వైపు తుండు మడతపెట్టి గుండిగ చెవులు పట్టుకున్నాం. కట్టెల మంట గుండిగ పక్కలను నాకుతోంది. పైకెత్తాం. రెండడుగులు వేశాం. నా చేతి కింద తుండు మెత్తబడింది. తర్వాత జిగురైంది. తర్వాత తుండు అన్నదే లేదు, నా అరచెయ్యి, కాలిన ఇత్తడి మాత్రమే ఉన్నాయి. నేను వదిలేశాను. రాళ్ళస్వామి వదల్లేదు. ఆయన తుండూ కరిగింది, కానీ ఆ చేతులకు వేడి తెలియడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఆ కాస్త సమయంలో గుండిగను తన వైపు లాగి, మా కాళ్ళ మీద పడకుండా అటు వంచి పడేశాడు. సాంబారు మొత్తం పొయ్యి మీదికి, నేల మీదికి పోయింది. కట్టెలు బుస్సుమన్నాయి. గుండిగ చెవికి నల్లటి బంక లాంటిది అంటుకుని పొగలు కక్కుతోంది. అది నా కానుక.

ఏం చెయ్యాలో తోచక ఒక స్వామి అలవాటుగా "స్వామియే" అన్నాడు. ఇరవై మందీ నీరసంగా "శరణమయ్యప్ప" అన్నారు.

రాళ్ళస్వామి గుండిగలోకి తొంగిచూసి, అడుగున మిగిలిన రెండు మునక్కాయ ముక్కలను పలకరించి, నా వైపు తిరిగాడు.

"విరాగి తుండు గదా సామీ. సాంబారు మీద కూడా ఆశ పెట్టుకోలా."

సన్నిధానం మొత్తం విరగబడి నవ్వింది. ఆకలి మీద ఉన్నవాళ్ళ నవ్వు, ఆగదు. గురుస్వామి కూడా నవ్వుతున్నాడు. నా చెయ్యి మండుతోంది, నా పద్దెనిమిదో ఏడు నేల మీద మునక్కాయలతో కలిసి పడి ఉంది. నా నోట్లోంచి ఒక్క మాట వచ్చింది.

"మంట అంత ఎగదొయ్యమని ఎవడు చెప్పాడు?"

నవ్వు ఆగిపోయింది. ఆ మాటలో స్వామి లేడు. ముందూ లేడు, వెనకా లేడు. అందరికీ వినబడింది. పదిహేడేళ్ళలో నేను ఎన్నడూ తప్పని నియమం, ఒక తుండు కోసం తప్పాను. అందులోనూ గుండిగ వదలని మనిషి మీద.

రాళ్ళస్వామి నా మణికట్టు పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. "ముందు చెయ్యి నీళ్ళలో పెట్టండి సామీ. తీరిగ్గా తర్వాత తిడుదురుగాని" అన్నాడు. నా చెయ్యి నీళ్ళలో ముంచి తన చెయ్యీ పక్కనే ముంచాడు. ఆయన అరచేయీ ఎర్రబడింది.

ఆ పూట అందరం మజ్జిగన్నం, నిమ్మకాయ ఊరగాయ తిన్నాం. నేను వడ్డిస్తానన్నాను. "మీ చెయ్యి కాలింది గదా స్వామీ, కూర్చోండి" అని మర్యాదగా కూర్చోబెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం గురుస్వామి తీగ దగ్గర తన తుండు తీసుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. తుండ్లన్నీ వెనక్కి తీసుకుంటానని చెప్పాను.

"నాది ఇయ్యను స్వామీ" అన్నాడాయన. "నా దగ్గు తగ్గింది. తొందరగా ఆరుద్ది, తేలిగ్గా ఉంటది. నాది ముసలి ఒళ్ళు, దీని మీద గీట్లు పడ్డా పర్లా. మంచి తుండే."

"మరి నేను చేసిన తప్పేంటి స్వామీ?"

"తుండు బాగుంటే బాగుందని చెప్పు. ఎక్కడ పనికిరాదో అదీ చెప్పు. అంతేగాని దానికి వైరాగ్యం అంటగట్టి, శ్లోకాలు చదివి... అయ్యప్పని నీ కొట్లో గుమస్తాగా పెట్టమాక స్వామీ."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "మరి నా పద్దెనిమిదో ఏడు స్వామీ?"

"కొండ దిగొచ్చినాక చూద్దాం" అన్నాడు. లారీలో ఎక్కించుకోమని రోడ్డు మీద చెయ్యెత్తినవాడికి చెప్పినట్టు చెప్పాడు.

సాయంత్రం భజనలో మైకు అడిగి తీసుకున్నాను. స్వాములు సర్దుకుని కూర్చున్నారు, ఉపన్యాసానికి సిద్ధపడినట్టుగా. "ఈ తుండు నీళ్ళు బాగా తాగుతుంది, తొందరగా ఆరుతుంది. మంట దగ్గర పనికిరాదు, కర్పూరం దగ్గర పనికిరాదు. గరుకు చేతులకు పట్టుకుంటుంది. ఈ సంగతులు నేను చూసుకోకుండా ఇచ్చాను. రాళ్ళస్వామిని అనకూడని మాట అన్నాను, క్షమించమని అడుగుతున్నాను" అని ఆయన పాదాలకు మొక్కాను. ఇంకేదో వస్తుందని అందరూ చూశారు. మైకు కింద పెట్టేశాను. మైకు తీసుకుని నేను ఇంత తొందరగా కూర్చున్నది అదే మొదటిసారని ఒక స్వామి పక్కవాడితో అనడం వినబడింది.

మర్నాడు కొట్లోకి వెళ్ళి నూలు తుండ్లు కావాలి మాతా అన్నాను. మా ఆవిడ బల్ల కింద నుంచి మూట తీసింది. ఇరవై నాలుగు పల్చటి నూలు తుండ్లు, నల్లవి, మూడేసి సార్లు ఉతికి ఆరేసి మడత పెట్టినవి. పల్చటివి కాబట్టి టర్కీ తుండులా నీళ్ళు నిలుపుకోవు, పూట తిరిగేసరికి ఆరుతాయి. మా తాతల నాటి నుంచి కొట్లో అమ్ముతున్న తుండే, నా కంటికి ఆనలేదు.

"ఎప్పుడు ఉతికావు?"

"మీరు ఆ పిల్లి వీపు తీసుకుపోయిన రోజు నుంచి ఉతుకుతానే ఉన్నా స్వామీ. కాకపోతే చెయ్యి కాల్చుకొస్తారనుకోలా. పత్తి రైతు కూతుర్ని చేసుకున్న పుణ్యం స్వామీ, ఇట్టాంటప్పుడన్నా వాడుకోండి."

స్వాములు రెండు తుండ్లూ ఉంచుకున్నారు. ఒంటికి ఎవరికి నచ్చింది వారు వాడుకున్నారు. భుజాన మాత్రం నూలుదే. ఇరుముడి కట్టుకుని బయలుదేరినప్పుడు నెత్తి మీదా నూలుదే. పంబలో స్నానం చేసి ఒడ్డుకొచ్చాక మైక్రోఫైబర్ తుండ్లు సంచుల మీద వేలాడి, కొండ మొదలు చేరేలోపే ఆరిపోయాయి. నూలు తుండ్లతో తుడుచుకున్నవాళ్ళు తడిగుడ్డలు మోసుకుంటూ నడిచారు. నేను చూశాను. మంచి ఉపమానం ఒకటి నాలుక మీదికొచ్చింది. మింగేశాను. కొండ ఎక్కినంతసేపూ నాకు ఇరుముడికన్నా అదే బరువనిపించింది. పద్దెనిమిదో ఏటి కొబ్బరిమొక్క అక్కడ సమర్పించి మొక్కుకున్నాను. గురుస్వామి పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. తిరుగు రైల్లోనూ ఏమీ అనలేదు.

నూనె మిల్లుకు చేరాక ఆయన ఒక్కొక్కరి మాలా తీశాడు. నా మాల తీసినప్పుడు కూడా ఏమీ అనలేదు. అయిపోయిందనుకుని చాప చుట్టుకుంటున్నాను. అప్పుడు రాళ్ళస్వామి పీఠం దగ్గర నిలబడి గట్టిగా అన్నాడు.

"గురుసామీ, వచ్చే ఏడు నాకు మాల ఈ కొట్టుసామి ఏస్తాడు."

అందరూ ఆగిపోయారు. గురుస్వామి కళ్ళు చిట్లించాడు.

"ఈ స్వామి నీ చెయ్యి కాల్పిచ్చాడు గదయ్యా."

"కాల్పిచ్చాడు. పదిమందిలో కాళ్ళు గూడా పట్టుకున్నాడు. తప్పే చెయ్యని గురుసామి చేత మాల ఏసుకోవాలంటే నాకు బయం సామీ. నేను తప్పు చేస్తే ఆయనకెట్టా చెప్పుకునేది? ఈయనకైతే దిగులు లేకుండా చెప్పుకుంటా."

గురుస్వామి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"మాల ఏసేటప్పుడు ఉపన్యాసం ఉంటదా?"

"ఉండదు స్వామీ."

"తుండు గురించి?"

"అసలుండదు స్వామీ."

"శ్లోకం?"

నేను నోరు తెరిచి మూశాను. అబద్ధం చెప్పి గురుస్వామి కావడం నాకు ఇష్టం లేదు.

"ఒక్కటి స్వామీ" అన్నాను.

"ఒక్కటంటే ఒక్కటే. రెండోది మొదలుపెట్టావో, మాల నా చేతికొచ్చుద్ది" అని, మిగతావాళ్ళ వైపు తిరిగి, వచ్చే ఏటి నుంచి ఈ స్వామి కూడా మాలలు వేస్తాడని చెప్పాడు.

రాళ్ళస్వామి దగ్గరికొచ్చి, "శ్లోకం పొట్టిది చూడండి సామీ, నిలబడలేను" అన్నాడు.

ఇది రాసేనాటికి మళ్ళీ కార్తీకానికి ఇంకో రెండు నెలలుంది. ఆ ఒక్క శ్లోకం ఏదో ఇంకా తేలలేదు. మూడింటి దాకా తగ్గించాను.